డెబియన్‌లో ఇనిట్ తగువు

లినక్స్ కంప్యూటర్ ఆన్ చేస్తే ముందుగా లేచేది కెర్నెల్. ప్రాసెసర్‌ను, మెమరీని, డిస్కును తన అదుపులోకి తెచ్చుకున్నాక అది ఒకే ఒక్క ప్రోగ్రామ్‌ను స్వయంగా మొదలుపెట్టి, మిగతా పనంతా దానికి అప్పగిస్తుంది. ఆ ప్రోగ్రామ్ పేరు ఇనిట్. దాని ప్రాసెస్ నంబరు 1. నెట్‌వర్క్‌ను లేపడం, లాగిన్ తెర చూపించడం, వెబ్ సర్వర్ నుంచి ప్రింటర్ సర్వీసు దాకా అన్నిటినీ నడిపించడం, చివర్లో వాటిని పద్ధతిగా ఆపి మెషిన్‌ను పడుకోబెట్టడం దాని బాధ్యత. పుట్టించిన ప్రాసెస్ చనిపోయి దిక్కులేనివైన ప్రాసెస్‌లు దాని కిందికే చేరతాయి. ఇనిట్ చచ్చిపోతే కెర్నెల్ కూడా అక్కడే చేతులెత్తేస్తుంది. మామూలు వాడుకరులు దాని పేరు వినకుండానే ఏళ్లకేళ్లు పని చేసుకుంటారు. అలాంటి ప్రోగ్రామ్‌ను మార్చాలా, మారిస్తే దేనికి మారాలి అన్న ప్రశ్న మీద 2013 అక్టోబర్ నుంచి 2014 నవంబర్ దాకా డెబియన్ అనే లినక్స్ డిస్ట్రిబ్యూషన్‌లో పెద్ద వాదన నడిచింది. అది ఆ సముదాయం కట్టుబాట్లనే పరీక్షకు పెట్టింది. దాని చివరి ముడి 2019 డిసెంబర్ దాకా వీడలేదు.

డెబియన్‌ను 1993 ఆగస్టు 16న ఇయాన్ మర్డాక్ ప్రకటించారు. దానికి యజమాని కంపెనీ లేదు. ప్రపంచమంతటా ఉన్న వెయ్యి మంది దాకా స్వచ్ఛంద డెవలపర్లు తలా కొన్ని ప్యాకేజీల చొప్పున పంచుకుని చూసుకుంటారు. ప్యాకేజీ చూసుకునే వ్యక్తిని మెయింటైనర్ అంటారు. తన ప్యాకేజీ విషయంలో చాలావరకు మెయింటైనర్ మాటే చెల్లుతుంది. ఫలానా పని చేసి తీరాలని ఎవరికీ ఆజ్ఞ వేసే వీలు లేదు. 1998లో ఆమోదించిన రాజ్యాంగంలోనే ఆ మాట రాసి ఉంది. మెయింటైనర్ల మధ్య తగువు వస్తే తీర్చడానికి టెక్నికల్ కమిటీ, దాని పైన డెవలపర్లందరూ ఓటేసే సర్వసభ్య తీర్మానం ఉంటాయి. ఓటు వేసేటప్పుడు ఒక్క అభ్యర్థికి టిక్కు పెట్టి ఊరుకోరు. ఉన్న ప్రతిపాదనలన్నిటినీ ఇష్టం కొద్దీ వరుస పేరుస్తారు. ప్రతి బ్యాలెట్‌లోనూ ‘ఇంకా చర్చించాలి’ అనే గడి కూడా ఉంటుంది. ఏ ప్రతిపాదనా నచ్చనివారు దాన్ని పైన పెట్టుకోవచ్చు.

అప్పటిదాకా డెబియన్ వాడుతున్నది సిస్‌వీఇనిట్. దాని పద్ధతి 1983లో ఏటీ అండ్ టీ విడుదల చేసిన యూనిక్స్ సిస్టమ్ ఫైవ్ నుంచి వచ్చింది. లినక్స్ కోసం దాన్ని కొత్తగా రాసినవారు మికెల్ వాన్ స్మూరెన్‌బర్గ్. ప్రతి సర్వీసుకూ ఒక షెల్ స్క్రిప్టు ఉంటుంది. ఇవన్నీ ఇనిట్.డి అనే డైరెక్టరీలో వరుసగా పడి ఉంటాయి. స్టార్ట్ అంటే మొదలుపెట్టడం, స్టాప్ అంటే ఆపడం, రీస్టార్ట్ అంటే రెండూ చేయడం ప్రతి స్క్రిప్టుకూ తెలిసి ఉండాలి. మెషిన్ నడిచే స్థితులకు రన్‌లెవెల్ అని పేరు పెట్టి 0 నుంచి 6 దాకా నంబర్లు ఇచ్చారు. 0 అంటే ఆపేయడం, 6 అంటే రీబూట్. డెబియన్ మామూలుగా 2లో లేచేది. ఆర్‌సీ2.డి అనే డైరెక్టరీ తెరిస్తే ఎస్20, ఎస్91 లాంటి గుర్తులు పేరుకు ముందు తగిలించుకున్న లింకుల వరుస కనిపిస్తుంది. ఎస్ అంటే స్టార్ట్, తర్వాతి అంకె క్యూలో స్థానం. ఆపాల్సినవాటికి ముందు కె అక్షరం ఉంటుంది. ఇనిట్ వాటిని అక్షర క్రమంలో ఒక్కొక్కటిగా పిలుచుకుంటూ పోతుంది. అంతకు మించి మర్మం ఏమీ లేదు.

ఆ సాదాతనాన్ని ప్రాణంగా చూసుకున్న సిస్టమ్ అడ్మినిస్ట్రేటర్లు ఎందరో ఉన్నారు. ఏ సర్వీసైనా లేవకపోతే స్క్రిప్టును ఏ ఎడిటర్‌లోనైనా తెరిచి, మధ్యలో ఒక ఎకో వాక్యం పెట్టి, ఎక్కడ ఆగుతోందో కళ్లారా చూసుకోవచ్చు. అయితే ఆ స్క్రిప్టుల్లో సగానికి సగం ఒకే తంతు. సర్వీసు లేవగానే తన ప్రాసెస్ నంబరును ఒక చిన్న ఫైల్‌లో రాసి పెడుతుంది. ఆపమన్నప్పుడు స్క్రిప్టు ఆ ఫైల్ చదివి, ఆ నంబరు గల ప్రాసెస్‌కు సిగ్నల్ పంపుతుంది. సర్వీసు మధ్యలో కూలిపోతే ఫైల్ మాత్రం అలాగే మిగిలిపోతుంది. ఆ నంబరు ఈలోగా మరో ప్రాసెస్‌కు దక్కి ఉంటే సిగ్నల్ వెళ్లి దానికి తగలవచ్చు. కూలిన సర్వీసును తిరిగి లేపే బాధ్యత పాత ఇనిట్ తీసుకునేది కాదు. లాగిన్ తెరల వంటి కొన్నిటిని మాత్రం ఇనిట్‌ట్యాబ్ అనే ఫైల్‌లో రాస్తే అవి పోయినప్పుడల్లా మళ్లీ లేపేది.

కాలం మారుతున్న కొద్దీ ఈ పద్ధతికి మరో చిక్కు వచ్చిపడింది. ఆన్ చేసే సమయానికే డిస్కులు, నెట్‌వర్క్ కార్డులు అన్నీ తగిలించి ఉంటాయన్న నమ్మకం మీద ఆ క్యూ కట్టారు. లాప్‌టాప్‌లు, యూఎస్‌బీ పరికరాలు, వైర్‌లెస్ నెట్‌వర్క్‌లు వచ్చాక ఏది ఎప్పుడు వచ్చి చేరుతుందో, ఎప్పుడు పోతుందో ముందే చెప్పలేని పరిస్థితి వచ్చింది. కెర్నెల్ కూడా పరికరాలను తన వీలు ప్రకారం గుర్తించడం మొదలుపెట్టింది. డిస్కు కనబడేలోపే దాన్ని తగిలించే స్క్రిప్టు నడిచిపోతే బూటు విఫలమవుతుంది. దానికి మందుగా కొన్ని చోట్ల స్క్రిప్టుల్లో కొన్ని సెకన్లు ఊరికే ఆగే ఆదేశాలు పెట్టేవారు. డెబియన్‌లో ఈ వ్యవస్థను బాగుచేయడానికి నిజాయితీగానే ప్రయత్నాలు జరిగాయి. పెటర్ రైన్‌హోల్ట్‌సెన్ తదితరుల శ్రమ వల్ల 2011 ఫిబ్రవరిలో వచ్చిన డెబియన్ 6.0లో, అంకెలను చేత్తో రాసే అవసరం పోయింది. ఏ సర్వీసుకు ముందు ఏది కావాలో స్క్రిప్టు తల మీద వ్యాఖ్యగా రాస్తే వరుస దానంతటదే లెక్కకొచ్చేది. అయినా మెషిన్ లేచిన తర్వాత జరిగే మార్పులకు స్పందించే గుణం మాత్రం దానికి రాలేదు.

ఆ లోటు పూడ్చడానికి ముందుగా వచ్చినది అప్‌స్టార్ట్. ఉబుంటును తయారుచేసే కనానికల్ కంపెనీలో పనిచేస్తున్న స్కాట్ జేమ్స్ రెమ్నంట్ రాసిన ఈ ప్రోగ్రామ్ 2006 అక్టోబర్‌లో ఉబుంటు 6.10తో బయటికి వచ్చింది. క్యూకు బదులు సంఘటనలు దాని ఆధారం. నెట్‌వర్క్ వచ్చింది, డిస్కు తగిలింది, ఫలానా సర్వీసు లేచింది అనే కబురు అందినప్పుడల్లా, ఆ కబురు కోసం కాచుకుని ఉన్న పనులు మొదలవుతాయి. ఫెడోరా 9 నుంచి, రెడ్ హ్యాట్ ఎంటర్‌ప్రైజ్ లినక్స్ 6లో, గూగుల్ క్రోమ్ ఓఎస్‌లో కూడా దాన్ని వాడారు. పాత ఇనిట్‌కు ఇదే వారసుడని అప్పట్లో చాలామంది అనుకున్నారు.

2010 ఏప్రిల్ 30న రెడ్ హ్యాట్‌లో పనిచేస్తున్న లెనార్ట్ పోటరింగ్ ఒక పెద్ద వ్యాసం ప్రచురించి, కే సీవర్స్‌తో కలిసి మొదలుపెట్టిన మరో ఇనిట్‌ను పరిచయం చేశారు. దాని పేరు సిస్టమ్‌డీ. ఆపిల్ 2005లో మ్యాక్ ఓఎస్ టెన్ 10.4తో తెచ్చిన లాంచ్‌డీ నుంచి ఒక మంచి ఊహను అది తీసుకుంది. సర్వీసులు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే సాకెట్లన్నీ ఇనిటే ముందుగా తెరిచిపెడితే, అన్ని సర్వీసులనూ ఒకేసారి లేపవచ్చు. అవతలి సర్వీసు ఇంకా సిద్ధం కాకపోయినా దాని సాకెట్‌లో వేసిన సందేశం కెర్నెల్ దగ్గర భద్రంగా ఉంటుంది. అది లేచాక చదువుకుంటుంది. ఎవరి తర్వాత ఎవరు అన్న లెక్క చాలా చోట్ల అనవసరమవుతుంది. రెండో బలం సీగ్రూప్‌లు. గూగుల్ ఇంజనీర్లు మొదలుపెట్టగా 2008 జనవరిలో 2.6.24 కెర్నెల్‌లో చేరిన ఈ సౌకర్యం ప్రాసెస్‌లకు గుంపు గుర్తు వేస్తుంది. సర్వీసు ఎన్ని పిల్లలను కన్నా, అవి మళ్లీ ఎన్ని పిల్లలను కన్నా, గుంపు గుర్తు వాటిని వదలదు. ఆపమంటే గుంపు మొత్తాన్నీ ఆపవచ్చు. నంబరు రాసిన ఫైల్ మీద ఆధారపడే అవసరం పోయింది.

షెల్ స్క్రిప్టు స్థానంలో సిస్టమ్‌డీ యూనిట్ ఫైల్ అడుగుతుంది. అది ఒక చిన్న పట్టిక లాంటిది. ఒక వరుసలో సర్వీసు వివరణ, ఒక వరుసలో నడపాల్సిన ప్రోగ్రామ్ దారి, ఒక వరుసలో దేని తర్వాత లేవాలి, మరో వరుసలో కూలిపోతే మళ్లీ లేపాలా వద్దా అన్న సంగతి ఉంటాయి. వంద వరుసల స్క్రిప్టు చాలా సందర్భాల్లో పది వరుసలకు దిగింది. అదే ఫైల్ ఏ డిస్ట్రిబ్యూషన్‌లోనైనా పనిచేస్తుంది కాబట్టి, దాన్ని ప్రోగ్రామ్ రాసినవారే తమ మూలంతో పాటు ఇవ్వవచ్చు. ప్యాకేజీలు కట్టేవారి చేతుల్లోంచి రోజువారీ చాకిరీ అలా తగ్గిపోతుంది. సిస్టమ్‌డీ ఇంత వేగంగా వ్యాపించడానికి బూటు వేగం కన్నా ఈ వెసులుబాటే పెద్ద కారణం. 2011 మేలో ఫెడోరా 15, అదే ఏడు నవంబర్‌లో ఓపెన్‌సుసే 12.1, 2012 అక్టోబర్‌లో ఆర్చ్ లినక్స్ దానికి మారాయి.

వ్యతిరేకతకు కూడా గట్టి కారణాలే ఉన్నాయి. సిస్టమ్‌డీ ఇనిట్‌తో ఆగలేదు. లాగులు (జరిగినవాటి చిట్టాలు) రాసే జర్నల్‌డీ, లాగిన్‌లను చూసుకునే లాగిన్‌డీ, పరికరాలను గుర్తించే యూడెవ్ అన్నీ ఒకే మూలంలోకి చేరాయి. ఒక ప్రోగ్రామ్ ఒక పనే చేయాలి, అది బాగా చేయాలి అన్న యూనిక్స్ సంప్రదాయంలో పెరిగినవారికి ఇది మింగుడుపడలేదు. లాగులు మామూలు అక్షరాల ఫైళ్లుగా కాకుండా ప్రత్యేక సాధనంతో మాత్రమే చదవగల రూపంలో ఉండడం మరో ఫిర్యాదు. పాడైన డిస్కును పక్క మెషిన్‌కు తగిలించి, గ్రెప్‌తో లాగు వెతికి కారణం కనిపెట్టిన అనుభవం ఉన్న అడ్మినిస్ట్రేటర్‌కు ఆ భయం సహజం. అన్నిటికన్నా డెబియన్‌ను ఎక్కువ ఇరుకున పెట్టిన సంగతి వేరే ఉంది. సిస్టమ్‌డీ లినక్స్ కెర్నెల్ సౌకర్యాలనే నమ్ముకుంది. ఇతర కెర్నెల్‌లకు తీసుకెళ్లే ఉద్దేశం రాసినవారికి లేదు. డెబియన్ 6.0, 7 విడుదలల్లో ఫ్రీబీఎస్‌డీ కెర్నెల్ మీద నడిచే డెబియన్ కూడా ప్రయోగాత్మకంగా ఉంది. హర్డ్ కెర్నెల్ మీద ఇంకొకటి తయారవుతోంది. ఇనిట్ మారితే అవి ఏమవుతాయన్న ప్రశ్నకు జవాబు కావాలి.

ఎవరికి నచ్చిన ఇనిట్ వారు పెట్టుకుంటే తగువేముంది అనిపించవచ్చు. 2013 మే 4న విడుదలైన డెబియన్ 7లో పరిస్థితి దాదాపు అదే. సిస్‌వీఇనిట్ మామూలుగా వచ్చేది, సిస్టమ్‌డీ కావాలంటే పెట్టుకునేది. ఆ శాంతి డెస్క్‌టాప్ దిక్కు నుంచి చెదిరింది. తెర ముందు కూర్చున్నది ఎవరు, సౌండ్ కార్డు ఎవరి చేతిలో ఉండాలి, మూత మూస్తే లాప్‌టాప్ పడుకోవాలా అన్న లెక్కలను గ్నోమ్ డెస్క్‌టాప్ అంతకుముందు కన్సోల్‌కిట్‌కు వదిలేసేది. దాన్ని చూసుకునేవారు లేకుండా పోయారు. ఆ స్థానంలోకి లాగిన్‌డీ వచ్చింది. 2013 జూలైలో వచ్చిన సిస్టమ్‌డీ 205 నుంచి సీగ్రూప్‌ల నిర్వహణ మొత్తం ఇనిట్ చేతిలోకి వెళ్లడంతో, లాగిన్‌డీ కావాలంటే ఒకటో నంబరులో సిస్టమ్‌డీయే కూర్చోవాల్సిన స్థితి ఏర్పడింది. గ్నోమ్ 3.8 ప్యాకేజీలు డెబియన్‌లోకి రావడంతో, గ్నోమ్ కావాలనుకునే వాడుకరికి సిస్టమ్‌డీ తప్పనిసరి అవుతోందన్న సంగతి అందరి కళ్లా పడింది. ఇనిట్‌ను ఎంచుకోవాల్సింది డెబియనా, పైనుంచి దిగే సాఫ్ట్‌వేరా అన్న అసలు ప్రశ్న అక్కడ పుట్టింది.

2013 అక్టోబర్‌లో డెవలపర్ పాల్ ట్యాగ్లియామోంటే ఈ విషయాన్ని తేల్చమని టెక్నికల్ కమిటీని అడిగారు. డెబియన్‌లో అభ్యర్థన ఏదైనా బగ్ రూపంలోనే నమోదవుతుంది. దీనికి వచ్చిన నంబరు 727708. ఆ అంకె తర్వాత నెలల తరబడి డెబియన్ వారి నోళ్లలో నానింది. కమిటీలో అప్పుడు 8 మంది ఉన్నారు. అధ్యక్షులు బిడేల్ గార్బీ, సభ్యులు ఇయాన్ జాక్సన్, రస్ ఆల్బరీ, డాన్ ఆర్మ్‌స్ట్రాంగ్, ఆండ్రియాస్ బార్త్, కాలిన్ వాట్సన్, స్టీవ్ లాంగసెక్, కీత్ ప్యాకార్డ్. వీరంతా ప్రాజెక్టులో తలపండినవారు. డెబియన్ ప్యాకేజీలకు మూలమైన డీపీకేజీని తొలినాళ్లలో తీర్చిదిద్దిన వ్యక్తి ఇయాన్ జాక్సన్. ఆయనా బిడేల్ గార్బీ కూడా ఒకప్పుడు ప్రాజెక్టు నాయకులుగా చేశారు.

పోటీలో నాలుగు పేర్లు నిలిచాయి. ఉన్న సిస్‌వీఇనిట్‌నే ఉంచాలన్నది ఒకటి, జెంటూ డిస్ట్రిబ్యూషన్ వారి ఓపెన్‌ఆర్‌సీ రెండోది. ఇవి రెండూ తొందరగానే వెనకబడ్డాయి. పోరు అప్‌స్టార్ట్, సిస్టమ్‌డీల మధ్యే సాగింది. ఒక్కో ఇనిట్ తరఫున వాదించేవారు తమ పక్షాన్ని ఒక పత్రంగా రాసి అందరి ముందూ పెట్టారు. కమిటీ సభ్యులు ఆ పత్రాలు చదివి ఊరుకోలేదు. రస్ ఆల్బరీ తాను చూసుకునే ఒక చిన్న సర్వర్ ప్రోగ్రామ్‌ను తీసుకుని రెండు ఇనిట్‌లకూ అనువుగా స్వయంగా మార్చి చూశారు. ఏది ఎంత సులువు, ఏ పత్రాలు స్పష్టంగా ఉన్నాయి, పొరపాటు జరిగితే ఏది ఎలా చెబుతుంది అన్న సంగతులతో డిసెంబర్ చివర్లో సుదీర్ఘమైన సమీక్ష రాసి, సిస్టమ్‌డీ వైపు మొగ్గారు. ఈ మొత్తం తగువులో ఇప్పటికీ చదవదగ్గ భాగం ఇలాంటి పరీక్షలే. తర్వాత ఎంత కోపతాపాలు రేగినా, నిర్ణయం చేయాల్సినవారు చేతులు పెట్టి చూశాకే మాట్లాడారు.

ఆ పరీక్షల్లో తేలిన సంగతుల్లో ఒకటి దగ్గరగా చూడదగ్గది. సర్వీసు మొదలవడం వేరు, పనికి సిద్ధం కావడం వేరు. డేటాబేస్ లేచాక తన ఫైళ్లన్నీ సరిచూసుకునేదాకా దానితో మాట్లాడలేం. సిద్ధమైన సంగతి ఇనిట్‌కు ఎలా తెలియాలి? పాత ఆచారంలో సర్వీసు ఒకటి రెండుసార్లు తనను తాను చీల్చుకుని, పుట్టించిన ప్రాసెస్ ముగిసిపోగా నేపథ్యంలోకి జారుకునేది. ఆ చీలికే సిద్ధమైందనడానికి గుర్తు. అప్‌స్టార్ట్ ఆ చీలికలను లెక్కపెట్టేది. ఒకసారి చీలుతుందో రెండుసార్లు చీలుతుందో కాన్ఫిగరేషన్‌లో ముందే చెప్పాలి. ఆ అంకె తప్పుగా రాస్తే అప్‌స్టార్ట్ ఎప్పుడో చచ్చిపోయిన నంబరును పట్టుకుని వేలాడుతూ, స్టాప్ అన్నా స్టార్ట్ అన్నా కదిలేది కాదు. రీబూట్ చేయడానికి వీల్లేని సర్వర్లలో కొందరు అడ్మినిస్ట్రేటర్లు, ఆ పాత నంబరు మళ్లీ తిరిగి వచ్చేదాకా చిన్న చిన్న ప్రాసెస్‌లను వేల సంఖ్యలో పుట్టించి చంపే స్క్రిప్టులు రాసుకున్నారు.

అప్‌స్టార్ట్‌లో దీనికి మరో దారి కూడా ఉంది. సర్వీసు సిద్ధం కాగానే తనకు తానే ఆగిపోయే సిగ్నల్ పంపుకుంటే, ఇనిట్ అది గమనించి మళ్లీ నడిపిస్తుంది. దీనికి ఒక్క వరుస చాలు, ఏ లైబ్రరీ అక్కర్లేదు అని దాన్ని ఇష్టపడినవారు అన్నారు. ఆగిపోవడాన్ని సిద్ధమవడానికి గుర్తుగా వాడడం అసహజమని అవతలివారు అన్నారు. సిస్టమ్‌డీ పద్ధతిలో సర్వీసు ఒక సాకెట్‌లోకి ‘రెడీ=1’ అన్న చిన్న సందేశం రాస్తుంది. అది శుభ్రంగా ఉంది కానీ, మామూలుగా దాని కోసం సిస్టమ్‌డీ లైబ్రరీని కలుపుకోవాలి. ఇంత చిన్న పనికి ప్రతి ప్రోగ్రామ్ మీదా ఆ లైబ్రరీ భారం ఎందుకన్న అభ్యంతరం వచ్చింది. రెండు ఇనిట్‌ల స్వభావ భేదమంతా ఈ ఒక్క చోట కనిపిస్తుంది. ఒకటి ఉన్న యూనిక్స్ ముక్కలతో సరిపెట్టుకుంటుంది, రెండోది కొత్త ఒప్పందం రాసి అందరినీ దాని కిందికి రమ్మంటుంది.

అప్‌స్టార్ట్‌కు సాంకేతికం కాని ఇబ్బంది కూడా ఒకటి ఉంది. దానికి కోడ్ ఇవ్వాలనుకునేవారు కనానికల్‌తో ఒక ఒప్పందం మీద సంతకం చేయాలి. ఆ కోడ్‌ను వేరే లైసెన్సు కింద కూడా ఇచ్చే హక్కు కంపెనీకి దక్కుతుంది. స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌ను నమ్ముకుని పనిచేసే డెబియన్ డెవలపర్లలో చాలామందికి ఇది గొంతులో ముల్లైంది. కమిటీలో స్టీవ్ లాంగసెక్, కాలిన్ వాట్సన్ కనానికల్ ఉద్యోగులు. ఆ సంగతి దాచినది కాదు, అందరికీ తెలిసినదే. ఉబుంటు డెబియన్ నుంచి పుట్టినదే కాబట్టి, తల్లి ఒక ఇనిట్‌ను, బిడ్డ మరో ఇనిట్‌ను వాడితే రెండు వైపులా శ్రమ రెట్టింపవుతుందన్న వాదనలో నిజం ఉంది. అయినా అటు ఓటు పడితే కంపెనీ ప్రయోజనమని, ఇటు పడితే రెడ్ హ్యాట్ ప్రయోజనమని బయట నడిచిన మాటలు చర్చను మసకబార్చాయి.

2014 జనవరి నుంచి కమిటీ తడబడిన చోటు ఇనిట్ ఎంపిక కాదు. ప్యాకేజీలకు, ఇనిట్‌కు మధ్య ఉండే ముడి ఎంత బిగుతుగా ఉండవచ్చన్నది. బిగుతు ముడి అంటే ఫలానా ఇనిట్ ఉంటేనే నడుస్తానని ప్యాకేజీ చెప్పవచ్చు. వదులు ముడి అంటే మామూలు ఇనిట్ ఏదైనా సరే, మరోదాని కింద కూడా ప్యాకేజీ నడిచి తీరాలి. ఎంపికతో పాటు ఈ ముడి ప్రశ్నకు కూడా ఒకే బ్యాలెట్‌లో జవాబు చెప్పాలని ఇయాన్ జాక్సన్ పట్టుబట్టారు. ఫిబ్రవరి మొదట్లో అలా ఓటింగ్ పెడితే గెలిచింది ‘ఇంకా చర్చించాలి’ గడి. ఆ తర్వాత బిడేల్ గార్బీ ముడి ప్రశ్నను పక్కన పెట్టి, తర్వాతి విడుదల అయిన జెస్సీలో లినక్స్ కెర్నెల్ మీద మామూలుగా వచ్చే ఇనిట్ ఏది అన్న ఒక్క ప్రశ్నతో కొత్త బ్యాలెట్ పెట్టారు. ఆల్బరీ, ఆర్మ్‌స్ట్రాంగ్, ప్యాకార్డ్, గార్బీ సిస్టమ్‌డీని పైన పెట్టారు. జాక్సన్, బార్త్, వాట్సన్, లాంగసెక్ సిస్టమ్‌డీ కన్నా అప్‌స్టార్ట్‌ను పైన పెట్టారు. 4కు 4. రాజ్యాంగం ప్రకారం ఓట్లు సమానమైతే అధ్యక్షుడికి కాస్టింగ్ ఓటు ఉంటుంది. దాన్ని గార్బీ సిస్టమ్‌డీకి వేశారు. 2014 ఫిబ్రవరి 11న ఫలితం వెలువడింది. జెస్సీ విడుదలకు ముందు డెవలపర్లందరూ సర్వసభ్య తీర్మానంతో వేరే మాట చెబితే అదే చెల్లుతుందన్న వాక్యం కూడా ఆ తీర్మానంలో ఉంది.

మూడు రోజులకు, ఫిబ్రవరి 14న, ఉబుంటు స్థాపకులు మార్క్ షటిల్‌వర్త్ ఓటమిని హుందాగా ఒప్పుకుంటూ ఉబుంటు కూడా సిస్టమ్‌డీకి మారుతుందని ప్రకటించారు. 2015 ఏప్రిల్‌లో వచ్చిన ఉబుంటు 15.04తో ఆ మార్పు పూర్తయింది. ఎనిమిదేళ్ల పాటు లక్షల మెషిన్లను లేపిన అప్‌స్టార్ట్ కథ దాదాపు ఆ ప్రకటనతోనే ముగిసింది.

డెబియన్‌లో మాత్రం తగువు అక్కడితో చల్లారలేదు. ముడి ప్రశ్న అలాగే మిగిలింది. దాని మీద ప్రస్తుతానికి ఏ తీర్మానమూ చేయకూడదని కమిటీ ఫిబ్రవరి చివర్లో నిర్ణయించుకుంది. మార్చిలో ఒక డెవలపర్ సర్వసభ్య తీర్మానం ప్రతిపాదిస్తే బలపరిచేవారు చాలినంత మంది దొరకలేదు. అక్టోబర్ 16న ఇయాన్ జాక్సన్ స్వయంగా ప్రతిపాదన తెచ్చారు. ఈసారి బలం దొరికింది. ప్యాకేజీలు మామూలుగా ఒకే ఇనిట్‌ను తప్పనిసరి చేయకూడదన్నది ఆయన ప్రతిపాదన. మిగతా ఇనిట్‌లకు సహాయం చేయడం మంచిదే కానీ తప్పనిసరి కాదన్నది రెండోది, మెయింటైనర్ ఇష్టమన్నది మూడోది. ఈ విషయంలో సర్వసభ్య తీర్మానమే అవసరం లేదన్నది నాలుగోది. జెస్సీకి కొత్త మార్పులు ఆపేసే గడువు నవంబర్ 5. విడుదల పనిలో మునిగి ఉన్నవారికి ఓటింగ్ వాదనలు అదే సమయంలో మీదపడ్డాయి. పైగా బయటి వాతావరణం పాడైపోయింది. తనను చంపించడానికి చందాలు పోగుచేస్తున్నారన్న మాటలు కూడా వినవస్తున్నాయని పోటరింగ్ ఆ అక్టోబర్‌లోనే బహిరంగంగా రాశారు. ఒక ప్రోగ్రామ్ మీది అభ్యంతరం మనిషి ప్రాణం దాకా పోవడం ఏ కొలతతో చూసినా సమర్థించరానిది.

నవంబర్ నెల డెబియన్‌కు గడ్డు నెల. 7వ తేదీన జోయీ హెస్ ప్రాజెక్టు వదిలి వెళ్తున్నట్టు ప్రకటించారు. ప్యాకేజీలు కట్టేవారందరూ రోజూ వాడే డెబ్‌హెల్పర్‌ను రాసినవారు, డెబియన్ ఇన్‌స్టాలర్‌కు ముఖ్యులైనవారు ఆయన. 1996 నుంచి ఉన్న ఆ మనిషి ప్రాజెక్టు రాజ్యాంగాన్నే తప్పుపడుతూ వెళ్లారు. కాలిన్ వాట్సన్ కమిటీ నుంచి తప్పుకున్నారు. 16న రస్ ఆల్బరీ కూడా కమిటీకి రాజీనామా ఇచ్చారు. అదే రోజు టోలెఫ్ ఫోగ్ హీన్ సిస్టమ్‌డీ మెయింటైనర్ల బృందం నుంచి వైదొలిగారు. రోజూ వచ్చి పడే దూషణను ఇక మోయలేనన్నది ఆయన బాధ. గెలిచిన పక్షం వారూ, ఓడిన పక్షం వారూ ఒకే వారంలో అలసిపోయి వెళ్లిపోవడం చూస్తే ఆ ఏడాది ఎంత పీల్చి పిప్పి చేసిందో తెలుస్తుంది. ఓటింగ్‌లో నాలుగో ప్రతిపాదన గెలిచింది. ఫలితం వచ్చాక 19న ఇయాన్ జాక్సన్ కమిటీ నుంచి తప్పుకున్నారు. తీర్మానం అవసరం లేదన్న తీర్మానానికి అర్థం, ఉన్న యంత్రాంగం తన పని తాను చేసుకోగలదన్నదే. మెయింటైనర్లు ఒకరితో ఒకరు మాట్లాడుకుని తేల్చుకోండి, అందరి నెత్తినా ఓటు రుద్దకండి అని అత్యధికులు కోరుకున్నారు. కమిటీ సభ్యత్వానికి అప్పటిదాకా కాలపరిమితి లేదు. డిసెంబర్‌లో జరిగిన మరో ఓటింగ్ దాన్ని పెట్టింది.

నవంబర్ 27న కొందరు పాత యూనిక్స్ అడ్మినిస్ట్రేటర్లు డెబియన్ నుంచి చీలి, సిస్టమ్‌డీ లేని డెవువాన్‌ను ప్రకటించారు. దాని తొలి స్థిర విడుదల 2017 మే 25న గానీ రాలేదు. వేల ప్యాకేజీల్లోంచి ఒక్క ముడిని విప్పడం ఎంత పనో ఆ రెండున్నరేళ్లు చెబుతాయి.

2015 ఏప్రిల్ 25న డెబియన్ 8, జెస్సీ, సిస్టమ్‌డీ 215తో విడుదలైంది. పాత మెషిన్లను అప్‌గ్రేడ్ చేసినా ఇనిట్ మారిపోయేది. వద్దనుకునేవారికి సిస్‌వీఇనిట్ ప్యాకేజీ ఉంచారు. ఫ్రీబీఎస్‌డీ కెర్నెల్ మీది డెబియన్ ఆ విడుదలలో లేదు. లాగుల విషయంలో మెయింటైనర్లు నెమ్మదిగా నడిచారు. పాత లాగు సర్వీసు ఆర్‌సిస్‌లాగ్‌ను అలాగే ఉంచి, అక్షరాల లాగు ఫైళ్లు ఎప్పటిలా రాయించి, జర్నల్‌ను మామూలుగా మెమరీలోనే ఉంచారు. మెషిన్ ఆగితే అది చెరిగిపోయేది. కొత్తగా పెట్టే డెబియన్‌లో ఆర్‌సిస్‌లాగ్ దానంతటదే రావడం 2023లో విడుదలైన డెబియన్ 12తో ఆగింది. ఆ పాత సౌకర్యం అందాకా నిలిచింది.

వదిలేసిన ముడి ప్రశ్న అయిదేళ్లకు మళ్లీ తలెత్తింది. లాగిన్‌డీ పనిని సిస్టమ్‌డీ లేకుండా చేసే ఈలాగిన్‌డీ డెబియన్‌లోకి వచ్చింది. దాని కోసం ఇతర ప్యాకేజీలు ఎంత సర్దుకోవాలి, ఇనిట్ స్క్రిప్టు ఇవ్వని మెయింటైనర్‌ది తప్పా అన్న గొడవలు పేరుకున్నాయి. అప్పటి ప్రాజెక్టు నాయకులు శామ్ హార్ట్‌మన్ 2019 చివర్లో దాన్ని ఓటుకు తెచ్చారు. సిస్టమ్‌డీ ఒక్కదాని మీదే దృష్టి పెట్టడం నుంచి అన్ని ఇనిట్‌లకూ తప్పనిసరి మద్దతు దాకా ఏడు ప్రతిపాదనలు, ఎనిమిదోగా ‘ఇంకా చర్చించాలి’ గడి. డిసెంబర్ 27తో ముగిసిన ఆ ఓటింగ్‌లో గెలిచినది మధ్యే మార్గం. సిస్టమ్‌డీ వాడవచ్చు, దాని సౌకర్యాల మీద ఆధారపడవచ్చు. వేరే ఇనిట్‌ల కోసం పనిచేసేవారిని ప్రాజెక్టు ప్రోత్సహిస్తుంది, వారి మార్పులను స్వీకరించాలా వద్దా అన్నది మామూలు ప్యాకేజీ మార్పుల లాగే మెయింటైనర్ తేలుస్తారు. 2014లో కమిటీ తన ముందుకు వచ్చినప్పుడల్లా పక్కన పెట్టిన మాట ఇన్నాళ్లకు అందరి ఓటుతో కాగితం మీదికి ఎక్కింది.

ఆ తీర్మానం తర్వాత చాలామంది మెయింటైనర్లు తమ ప్యాకేజీల్లోంచి పాత ఇనిట్ స్క్రిప్టులను తీసేయడం మొదలుపెట్టారు. సిస్‌వీఇనిట్‌ను ఇంకా చూసుకుంటున్న కొద్దిమంది వాటిని పారవేయనివ్వలేదు. డెబియన్ 12లో ‘ఆర్ఫన్-సిస్‌వీఇనిట్-స్క్రిప్ట్స్’ అనే ప్యాకేజీ ఉంది. సొంత ప్యాకేజీ వదిలేసిన స్క్రిప్టులను ఒకచోట చేర్చి, ఇప్పటికీ ఆ పాత ఇనిట్‌తో మెషిన్ నడుపుకునేవారికి అది అందిస్తుంది.